లైబెల్, స్లాండర్, నీలాపనింద

పరువుకు భంగం కలిగించే నిందను ఆంగ్ల న్యాయశాస్త్రం రెండుగా విడదీసి, రాతలోనో చిత్రంలోనో నిలిచిపోయేదాన్ని లైబెల్ అనీ, నోటిమాటగా వెలువడేదాన్ని స్లాండర్ అనీ వ్యవహరించింది. లైబెల్‌కు మూలమైన లాటిన్ మాట ‘లిబెల్లుస్’కు చిన్న పుస్తకమని మాత్రమే అర్థం, ఏ దోషమూ లేని ఆ పేరు దూషణలతో నిండిన కరపత్రాలకు అంటుకొని, కాలక్రమంలో నిందకే పేరుగా స్థిరపడింది. స్లాండర్ గ్రీకు ‘స్కాండలోన్’ నుంచి లాటిన్, ప్రాచీన ఫ్రెంచి భాషల మీదుగా వచ్చింది. ఉచ్చు, కాలికి తగిలి పడదోసే అడ్డంకి అనేవి ఆ గ్రీకు మాటకు అర్థాలు, స్కాండల్ దానికి తోబుట్టువు.

ఇంగ్లండు సంప్రదాయంలో స్లాండర్‌పై దావా వేసినవారు, కొన్ని మినహాయింపులు తప్ప, తమకు కలిగిన ఆర్థిక నష్టాన్ని నిరూపించుకోవలసి ఉండగా, లైబెల్‌కు ఆ భారం ఉండేది కాదు. నోటిమాట చేసే గాయాన్ని చిన్నదిగా లెక్కించిన ఈ తారతమ్యాన్ని 1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షన్ అంగీకరించకపోవడం ఎంతో సమంజసం: పలికినా, రాసినా, సైగతో సూచించినా పరువునష్టం ఒకే నేరం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కూడా అదే మార్గంలో నడిచింది.

తెలుగువారి నీలాపనింద ఈ చట్టాలన్నిటికంటే పాతదైన ఊహను మోస్తుంది. శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి చంపాడని శ్రీకృష్ణుడిపై సత్రాజిత్తు వేసిన అభాండం ఏ పత్రంలోనూ రాసింది కాదు, జనం నోట పాకినదే. వినాయక చవితి కథ ద్వారా నీలాపనింద అనే మాట నేటికీ ఇంటింటా వినిపిస్తుంది.