మెరుపు ముందు, మోత వెనక

హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ నుంచి లేచిన విమానం శామీర్‌పేట మీదుగా పోతుంటే, కొత్తగా వచ్చినవాళ్లు మోత వినిపించిన వైపు తలెత్తి వెతుకుతారు. అక్కడ ఏమీ ఉండదు. రెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి మోత నేలకు దిగడానికి ఆరు సెకన్లు పడుతుంది. ఈలోగా విమానం తన దారిన తాను పోయి ఉంటుంది. అలవాటైనవాళ్లు మోతకు ఇంకాస్త ముందు చూస్తారు.

అదే శామీర్‌పేటలో, కరీంనగర్ రోడ్డు పక్కన బండరాళ్ల చాటున నిలబడితే ఇంకో తేడా తెలుస్తుంది. అవతలి లారీ హారన్ బండను చుట్టుకుని వచ్చి చెవిలో పడుతుంది. దాని హెడ్‌లైటు మాత్రం బండ దగ్గరే ఆగిపోతుంది. కారణం అలల సైజు. సెకనుకు 400 సార్లు కంపించే హారన్ మోత అల పొడవు 85 సెంటీమీటర్లు. కంటికి కనిపించే వెలుగు అల వెంట్రుక మందంలో నూరో వంతు. పెద్ద అల అడ్డంకిని చుట్టి వస్తుంది, చిన్న అల నీడ మిగులుస్తుంది. ఈ సైజు సంగతి గుర్తుపెట్టుకోండి, వాల్తేరు దాకా మళ్లీ దీని అవసరం ఉంది.

ముందు వేగం సంగతి. వెలుగుకూ శబ్దానికీ మధ్య ఉన్న ఆ వ్యవధినే కొలబద్ద చేసుకున్న పని మద్రాసులో జరిగింది. ఈస్టిండియా కంపెనీవాళ్ల అబ్జర్వేటరీ నుంగంబాక్కంలో ఉండేది. 1792 నాటి దాని గ్రానైట్ స్తంభం మీద తెలుగులోనూ రాత చెక్కించారు. ఆ ఊళ్లో మన భాషకు అప్పుడున్న చోటు అది. అక్కడి ఖగోళ శాస్త్రవేత్త జాన్ గోల్డింగ్‌హామ్. ఒక వైపు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఫోర్ట్ సెయింట్ జార్జి, ఇంకో వైపు సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సెయింట్ థామస్ మౌంట్. రెండు చోట్లా పొద్దునా సాయంత్రం ఫిరంగులు పేల్చే ఆనవాయితీ ఎలాగూ ఉంది. 1820, 1821లలో గోల్డింగ్‌హామ్ ఆ ఫిరంగుల్నే వాడుకున్నాడు. మెరుపు కనిపించగానే లెక్క మొదలు, మోత వినిపించగానే ఆపడం. మౌంట్ ఫిరంగి మోత చేరడానికి 26 సెకన్లు పట్టేది. మెరుపు చేరడానికి సెకనులో ముప్ఫై వేలవ వంతు కూడా పట్టదు కాబట్టి దాన్ని సున్నా అనుకోవచ్చు. వెలుగుకూ వేగం ఉందని 1676లోనే గురుగ్రహపు చందమామను చూసి రోమర్ చెప్పాడనుకోండి. మద్రాసు లెక్కలో మాత్రం దాని పని లేదు.

నాకు నచ్చింది గోల్డింగ్‌హామ్ ఓపిక. ఒకటి రెండు రోజులు చూసి సగటు రాసేయలేదు. నెలల తరబడి, ప్రతి మోతకూ థర్మామీటరు, బారోమీటరు, గాలిలో తేమ, గాలివాటం పక్కన రాయించాడు. ఎండాకాలంలో శబ్దం త్వరగా వస్తోందనీ, చలికాలంలో మందగిస్తోందనీ ఆ పట్టికల్లో తేలింది. ఇవాళ మన లెక్క ప్రకారం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, ఆ పైన ప్రతి డిగ్రీకీ ఇంచుమించు 0.6 మీటరు ఎక్కువ. మేడ్చల్ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే 355. శబ్ద వేగానికి న్యూటన్ కట్టిన లెక్క అసలు వేగం కంటే ఆరో వంతు తక్కువగా తేలేది. గాలి అల నొక్కుకున్నప్పుడు వేడెక్కుతుందనీ, ఆ వేడి బయటికి పోయే వ్యవధి ఉండదనీ 1816లో లాప్లాస్ సర్దిచెప్పాడు. గోల్డింగ్‌హామ్ ఫలితాలు 1823లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. పారిస్‌లో ఫిరంగులతో కొత్తగా కొలిచింది 1822లో. మద్రాసు అంతకు ముందే కొలిచింది.

ఇక వాల్తేరు. భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టాడు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చాడు. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో డిబై, సియర్స్, ఫ్రాన్స్‌లో లూకాస్, బికార్ ఒక చిత్రం చూపించారు. క్వార్ట్జ్ పలకకు విద్యుత్తు ఇచ్చి సెకనుకు కోటి సార్లు కంపింపజేస్తే, నీళ్లలో శబ్దపు అల మిల్లీమీటరులో ఏడో వంతుకు కుంచించుకుపోతుంది. అంత సన్నటి అలలు వరసగా సాగుతుంటే నీరు గీతలు గీసిన గాజుపలకలా తయారవుతుంది. అందులోంచి సన్నటి వెలుగు పంపితే అవతల తెర మీద ఒక గీతకు బదులు అటూ ఇటూ చాలా గీతలు పడతాయి. అంటే శబ్దం వెలుగును వంచింది. దానికి పూర్తి లెక్క కట్టింది రామన్, నాగేంద్రనాథ్, బెంగళూరులో, 1935 నుంచి.

భగవంతం ఈ పద్ధతిని పనిముట్టుగా మార్చుకున్నాడు. గీతల మధ్య ఎడం కొలిస్తే అల పొడవు తెలుస్తుంది, దాంతో శబ్ద వేగం, దాంతో ఆ పదార్థం ఎంత గట్టిదో తెలుస్తుంది. వెలుగుకు అడ్డంకి మాత్రమే అయిన పదార్థం శబ్దానికి దారి. శూన్యంలో వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది, శబ్దం అసలు కదలదు. నీళ్లలోకి వస్తే వెలుగు రెండుంబాతిక లక్షలకు తగ్గుతుంది, శబ్దం గాలిలోని 340 మీటర్ల నుంచి 1,480కి పెరుగుతుంది. వజ్రంలో ఈ తేడా కొసకు చేరుతుంది: వెలుగు 1.24 లక్షల కిలోమీటర్లకు పడిపోతే, శబ్దం సెకనుకు 17 కిలోమీటర్ల పైచిలుకు పరుగెడుతుంది.

ఆ వజ్రం గట్టిదనాన్నే భగవంతం, భీమసేనాచార్ 1940లలో అల్ట్రాసోనిక్ అలలతో కొలిచారు. శబ్దం వజ్రపు పలకను దాటిందో లేదో ద్రవంలో పడే వెలుగు గీతలు చెప్పేవి. 1949లో భగవంతం ఉస్మానియాకు వచ్చి, 1952లో వైస్ ఛాన్సలర్ అయ్యాడు. వాళ్ల వజ్రం అంకెల్ని 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ బాగానే సవరించారు. గట్టిదనాన్ని చెప్పే మూడు స్థిరాంకాల్లో ఒకటి మూడో వంతుకు తగ్గిపోయింది.