వంచిన వెదురు, నేసిన గడ్డి: నీలగిరి తోడాల ఇల్లు

పడమటి కనుమలు తూర్పు కనుమలను కలుసుకొనే చోట, సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైబడిన ఎత్తున పరచుకొన్న పీఠభూమి నీలగిరి. గుండ్రని గడ్డి గుట్టలు, వాటి మధ్య లోయల మడతల్లో దట్టంగా ఒదిగిన పొట్టి చెట్ల అడవులు దాని సహజ స్వరూపం. ఈ అడవులను షోలాలంటారు. షోలా అంచున, నీటి ఊట దాపున, గాలి తాకిడి అంతగా లేని వాలు చూసుకొని తోడాలు తమ పల్లెలను నెలకొల్పుకొన్నారు. పల్లె అంటే కొద్దిపాటి ఇళ్లు, ఒక పాలగుడి, రాళ్లు పేర్చి కట్టిన గేదెల దొడ్డి. దీనిని ఇతరులు 'మంద్' అంటారు. తోడాల నోట అది 'మొద్'. పశుసమూహాన్ని తెలిపే మన 'మంద' అన్న మాటను ఇది వెంటనే గుర్తుకు తెస్తుంది. తోడా భాష కూడా ద్రావిడ భాషా కుటుంబానికి చెందినదే కనుక ఈ పోలికలో ఆశ్చర్యపడవలసినది లేదు.

తోడాలు ఎన్నడూ పెద్ద సంఖ్యలో లేరు. 20వ శతాబ్ది ఆరంభంలో వారు సుమారు 800 మంది. నేడు రెండువేలకు అటూ ఇటూ. అయినా వారిని గురించి వెలువడినంత సాహిత్యం దక్షిణదేశంలో మరే చిన్న తెగను గురించీ వెలువడలేదనడం అతిశయోక్తి కాదు. మద్రాసు సైన్యంలోని కెప్టెన్ హెన్రీ హార్క్‌నెస్ 1832లోనే వారిపై ఒక గ్రంథం ప్రచురించాడు. నీలగిరి తొలి కమిషనరు జేమ్స్ విల్కిన్సన్ బ్రీక్స్ రచన ఛాయాచిత్రాలతో 1873లో వెలువడింది. కేంబ్రిడ్జి పండితుడు డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ బృహద్గ్రంథం 1906లోనూ, ఎడ్గార్ థర్‌స్టన్ కులాలు, తెగల సంపుటాలు 1909లోనూ వచ్చాయి. వీరందరి దృష్టినీ ఆకర్షించినది తోడాల ఇంటి ఆకారం. కొలతలు శ్రద్ధగా రాసుకొన్నారు. ఆ కొలతల వెనుక ఉన్న చేతుల నేర్పును మాత్రం కొద్దిమందే పట్టించుకొన్నారు.

ఆ వర్ణనల ప్రకారం ఇల్లు సుమారు 10 అడుగుల ఎత్తు, 18 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు. సగానికి కోసి బోర్లించిన పీపాను పోలి ఉంటుంది. తెలుగు పల్లెలో గుడిసె వేయడమంటే ముందుగా నిట్రాడు పాతాలి, దానిపై దూలం ఎక్కించాలి, వాసాలు దించాలి, ఆపై కప్పు నేయాలి. గోడ వేరు, కప్పు వేరు. తోడాల ఇంటికి నిట్రాడు లేదు, దూలం లేదు. పక్క గోడలూ లేవు. నేలనుంచి లేచిన కప్పే మళ్లీ నేలకు దిగుతుంది.

నిర్మాణ క్రమం చూడడానికి సులభంగా కనబడుతుంది. దృఢమైన వెదుళ్లను విల్లులా వంచి, రెండు కొనలనూ నేలలో పాతుతారు. ఇటువంటి విల్లులు వరుసగా నిలిపితే ఇంటి అస్థిపంజరం ఏర్పడుతుంది. వాటిపై పేము బెత్తాలను ఇంటి పొడవునా ఒకదాని పక్కన ఒకటిగా దగ్గరదగ్గరగా పరచి, ప్రతి కూడలినీ పేము చీలికలతో బిగించి కడతారు. మేకులతో పని లేదు. వంచిన వెదురు తిరిగి నిటారు కావాలని లాగుతుంది. అడ్డంగా కట్టిన పేము దానిని కదలనివ్వదు. ఆ రెండింటి పెనుగులాటే ఇంటికి బలం. వంపు ఎక్కడైనా సమంగా రాకపోతే కట్టుపై బరువు ఒకవైపుకు ఒరుగుతుంది. అందుచేత ఈ పనిలో కొలబద్దకన్నా కంటికీ చేతికీ ఎక్కువ పని. వెదురూ పేమూ పచ్చిక గుట్టలపై దొరికేవి కావు. పీఠభూమి అంచుల్లోని తడి అడవులకు దిగి, కోసి, మోపులు కట్టి పైకి మోసుకురావాలి. ఇల్లు కట్టడంలో సగం శ్రమ ఆ నడకలోనే ఉన్నదనవచ్చు. ఇనుప పనిముట్లను మాత్రం పొరుగున ఉండే కోటా కమ్మరులు సమకూర్చేవారు.

కట్టుపై ఎండుగడ్డిని మందంగా పరచి నేస్తారు. ముందువైపు, వెనుకవైపు పూర్వం దగ్గరగా కూర్చిన పలకలతో మూసేవారు. అనంతరకాలంలో రాతిగోడలు ఎక్కువయ్యాయి. ముందుగోడలో ఒకే ఒక ద్వారం. థర్‌స్టన్ సంపుటంలో చేరిన ఒక వర్ణన దాని ఎత్తు 32 అంగుళాలు, వెడల్పు 18 అంగుళాలు అని చెబుతున్నది. ఎంతటివాడైనా చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి లోపలికి పోవలసిందే. తలుపు నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం గల చెక్కపలక. లోపలివైపు నాటిన రెండు గుంజల ఆధారంగా పక్కకు జరుగుతుంది. కిటికీ లేదు, పొగగూడూ లేదు. పొయ్యి పొగ గడ్డిలోనుంచే మెల్లగా వెలుపలికి పోవాలి. లోపల ఒకవైపు రెండడుగుల ఎత్తు మట్టి అరుగు, పడుకోవడానికి. ఎదుటివైపు పొయ్యి, పాత్రలు, పేము ఉంగరాలలో నిలువునా పేర్చిన కట్టెలు. రోలు నేలలోనే తవ్విన గుంట, దంచి దంచి గట్టిపడినది. మధ్యలో మాత్రం పొడగరి కూడా నిటారుగా నిలబడవచ్చు.

ద్వారం అంత చిన్నదేమిటని ప్రతి యాత్రికుడూ ప్రశ్నించాడు. శీతాకాలపు రాత్రుల్లో నీలగిరిపై మంచు పేరుకొంటుంది. ఋతుపవనాల్లో ఈదురుగాలి రోజుల తరబడి వీస్తుంది. ఒకప్పుడు పులి సంచారం సామాన్యం. ఇన్నింటిని అడ్డుకోవడానికి ఒకే పలక చాలినప్పుడు పెద్ద ద్వారం ఎవరికి కావాలి? మన కోస్తాలోని చుట్టిళ్లు తుఫాను గాలికి ఎదురు నిలవకుండా దారి ఇచ్చి తప్పుకొన్నట్లే, తోడాల ఇల్లు కూడా తన వంపుతో గాలిని పైకి జారవిడుస్తుంది. ఒక ప్రాంతంతో మరొక ప్రాంతానికి సంబంధం లేకపోయినా గాలి నేర్పిన పాఠం ఒక్కటే.

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1819లో కొండపైకి వచ్చి, తోడాల నుంచి భూమి కొని, 1822లో రాతి బంగళాకు పునాది వేయించాడు. ఉదకమండలం పట్టణానికి అది బీజం. తోడాలకు ఆ భూమిపై హక్కు ఉన్నదని ప్రభుత్వంతో వాదించినవాడు కూడా ఆయనే కావడం గమనింపదగినది. ఆ వాదం ఎక్కువకాలం నిలవలేదు. 19వ శతాబ్ది మధ్యనుంచి యూకలిప్టస్, వాటిల్ తోటలు, తేయాకు, బంగాళాదుంప సాగు పచ్చిక బయళ్లను ఆక్రమించాయి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవినీ పచ్చికనూ ఒకే పాలన కిందికి తెచ్చింది. స్వాతంత్ర్యానంతరం తోళ్ల పదునుకు, గుజ్జు పరిశ్రమకు చెట్లు మరింత విస్తారంగా నాటారు. పైకారా, కుందా జలవిద్యుత్ పథకాల జలాశయాలు లోతట్టు తడినేలలను కొంత ముంచివేశాయి. చెట్లు లేని నేలను బీడుగా లెక్కవేసిన పాలనాదృష్టి ఈ మార్పులకు మూలం. పచ్చిక తనంత తానుగా ఒక సంపద అన్న గ్రహింపు కలగడానికి శతాబ్దానికి పైగా పట్టింది.

గడ్డికీ ఇంటికీ ఉన్న సంబంధం ఇక్కడే తెలుస్తుంది. పాలగుడి కప్పుకు తోడాలు వాడే గడ్డిని వారు 'అవ్‌ఫుల్' అంటారు. వృక్షశాస్త్రంలో దాని పేరు ఎరియోక్రైసిస్ రంగాచారియై. ఇది బురదనేలల్లో మొలిచేది, నీలగిరికే పరిమితమైనది. బురదనేల ఎండితే గడ్డి లేదు, గడ్డి లేకుంటే కప్పు లేదు. ఒక ఇంటి రూపం అంతరించడానికి పనివారి నేర్పు మరపుకు రావడమొక్కటే కారణం కానక్కరలేదు; ముడిసరుకు పెరిగే మడుగు మాయమైనా చాలు.

20వ శతాబ్ది ద్వితీయార్ధంలో ప్రభుత్వమూ సేవాసంస్థలూ తోడాలకు ఇటుక, పెంకు, సిమెంటు ఇళ్లు కట్టించాయి. ఈనాడు దాదాపు తోడాలందరూ అటువంటి ఇళ్లలోనే నివసిస్తున్నారు. దీనిని కేవలం నష్టంగా చెప్పడం న్యాయం కాదు. పొగలేని వంట, విద్యుద్దీపం, పిల్లలు చదువుకోవడానికి వెలుతురు ఎవరికైనా కావలసినవే. చూడవచ్చినవారి ముచ్చట కోసం మరొకరు పొగలో కూర్చోవాలనడం దయలేని మాట. అయితే కట్టించిన ఇంటి నమూనా గీసినవారు కొండగాలిని గాని, ఇంటివారిని గాని ఎంతవరకు అడిగారన్నది వేరే ప్రశ్న. 2023లో ఆరంభమైన పీఎం జన్‌మన్ పథకం కింద దేశవ్యాప్తంగా ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలకు పక్కా ఇళ్లు మంజూరవుతున్నాయి. నల్లమల చెంచులు, గోదావరి కొండరెడ్లు కూడా ఆ జాబితాలోని వారే. వెదురుతో ఇల్లు కట్టే నేర్పు కొండరెడ్లకూ వంశపారంపర్యం. కనుక ఆ ప్రశ్న నీలగిరితో ఆగేది కాదు.

ఇళ్లు మారినా పాలగుళ్ల కథ వేరుగా నడిచింది. ఇల్లు అవసరాన్ని బట్టి కట్టుకొన్నది. గుడి ఆచారాన్ని బట్టి నిలిచినది. కొన్నిచోట్ల రేకులు, సిమెంటు చొరబడినా, పలు పల్లెలలో గుడిని నేటికీ వెదురు, పేము, గడ్డితోనే పునర్నిర్మిస్తున్నారు. ఆ పని ఆ వంశపు పురుషులే నియమంతో చేయాలి. కూలికి మనిషిని పెట్టే వీలు లేదు. అందువల్ల ఇంటి విషయంలో మరుగునపడిన వెదురు వంచే విద్య గుడి పుణ్యమా అని యువకుల చేతుల్లో మిగిలింది. ఇటీవలి దశాబ్దాల్లో కొన్ని పల్లెలు అదే నేర్పుతో పాత పద్ధతి ఇళ్లను కూడా తిరిగి లేపుకొన్నాయి.

ఉదకమండలం ప్రభుత్వ వృక్షోద్యానం పైనున్న గుట్టపై ఒక తోడా పల్లె ఉన్నది. వేసవిలో వేలాది యాత్రికులు అక్కడి విల్లు ఇంటి ముందు వంగి, చీకటి ద్వారంలోకి తొంగిచూసి వెళ్తారు. అక్కడికి దూరంగా, ముకుర్తి వైపు బురదనేలల్లో, గుడి కప్పు మార్చవలసి వచ్చిన వంశంవారు మోపు గడ్డి కోసం మునుపటికన్నా ఎక్కువ దూరం నడుస్తున్నారు.