విన్‌లాండ్ పటం గుట్టు విప్పిన పసుపు గీత

1965 అక్టోబరు 11న, కొలంబస్ దినోత్సవానికి సరిగ్గా ముందురోజు, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం ఒక పాత ప్రపంచ పటాన్ని బయటపెట్టింది. తోలుపత్రం మీద గీసిన పటం. అందులో గ్రీన్‌లాండ్‌కు పడమరగా విన్‌లాండ్ అనే దీవి. గీసింది 1440 ప్రాంతంలో అన్నారు. అంటే కొలంబస్ ఓడ ఎక్కడానికి యాభై ఏళ్ల ముందే ఐరోపాలో ఎవరికో అమెరికా తీరం తెలుసన్నమాట! విన్‌లాండ్ అన్నది ఉత్తర ఐరోపా నావికులైన వైకింగులు పెట్టిన పేరు; వాళ్లు అక్కడికి వెళ్లారా అన్నది తగువు కాదు. ఆ తీరానే ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌లో వాళ్ల నివాసాల ఆనవాళ్లు 1960లోనే దొరికాయి. తగువంతా ఈ పటంతోనే.

తొలి అనుమానం సిరా మీద పడింది. ఆ కాలపు ఐరోపా లేఖకులు ఎక్కువగా వాడింది మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి కాచిన ఇనుప సిరా. ఏళ్లు గడిచేకొద్దీ అది తోలును కొరుక్కుతింటూ గీత పక్కన పసుపు, గోధుమ రంగు చార వదులుతుంది. విన్‌లాండ్ పటంలోనూ ఆ పసుపు చార ఉంది. పైనున్న నలుపు చాలాచోట్ల రాలిపోయింది కూడా. మామూలు కంటికి ముసలి సిరాయే.

యేల్ ఆ పటాన్ని సూక్ష్మదర్శిని నిపుణుడు వాల్టర్ మెక్‌క్రోన్‌కు చూపించింది. గీతల మీంచి అతిచిన్న రేణువులు తీసి పరీక్షించి, 1974లో ఆయన తేల్చిన సంగతి ఇది: పసుపు చారలో అనాటేజ్ ఉంది. టైటానియం డయాక్సైడ్‌కు అదొక స్ఫటిక రూపం. ప్రకృతిలోనూ దొరుకుతుంది గానీ, ఇంత సన్నగా, గుండ్రంగా, ఒకే సైజులో ఉండే పొడి 1920 ప్రాంతం నుంచి రంగుల ఫ్యాక్టరీల్లో తయారయ్యే సరుకు. ఎవరో ముందు పసుపు గీత గీసి, దాని మీద నల్ల గీత దిద్దారన్నది ఆయన వాదన.

1980ల్లో కథ అడ్డం తిరిగింది. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో థామస్ కేహిల్ బృందం పటం మీదికి ప్రోటాన్ల పుంజాన్ని పంపి, వెలువడిన ఎక్స్‌రేలను కొలిచింది. టైటానియం ఉన్నది లేశమాత్రమే అంది. మెక్‌క్రోన్‌కు దొరికినవి బయటి దుమ్ము రేణువులై ఉండవచ్చు కదా అన్న ప్రశ్న లేచింది.

నా లెక్కలో ఇద్దరి యంత్రాలూ నిజమే చెప్పాయి. ప్రోటాన్ పద్ధతి పత్రాన్ని గీరదు, పాడుచేయదు. మూలకం పేరు చెబుతుంది, కానీ అది ఏ పదార్థంలో ఏ స్ఫటిక రూపంలో ఉందో చెప్పలేదు. పైగా పుంజం పడినచోట పల్చని సిరా పొరనూ, దాని కింది మందపాటి తోలునూ కలిపి తూస్తుంది. అలా తూస్తే శాతం పడిపోక ఏమవుతుంది?

తర్వాత కార్బన్ పరీక్ష. తోలుపత్రం వయసు 1434, పదకొండేళ్లు అటూఇటూ అని వచ్చింది. పటాన్ని నమ్మినవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. కానీ పాత స్టాంపు కాగితం సంపాదించి కొత్త దస్తావేజు రాసేవాళ్లు మన దగ్గర లేరా? తోలు వయసు సిరా వయసు కాదు.

ఇక తేలాల్సిన ప్రశ్న ఒక్కటే: పత్రాన్ని గీరకుండా, గీత ఉన్నచోట ఏ స్ఫటికం ఉంది, గీత లేనిచోట ఏముంది? దానికి సరిపోయే సాధనం మన రామన్ 1928లో కలకత్తాలో కనిపెట్టిన ప్రభావమే. లేజర్ కాంతి పదార్థాన్ని తాకి చెదిరినప్పుడు అందులో కొద్ది భాగం రంగు మారుతుంది. ఎంత మారిందన్నది ఆ పదార్థం వేలిముద్ర. టైటానియం డయాక్సైడ్‌లోనే అనాటేజ్ అయితే తరంగసంఖ్య 140ల్లో గట్టి శిఖరం చూపిస్తుంది. దాని మరో స్ఫటిక రూపం రూటైల్ అయితే 440, 610 చుట్టుపక్కల.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో రాబిన్ క్లార్క్, కేథరీన్ బ్రౌన్ ఈ పద్ధతిలో పటాన్ని చూసి 2002లో ఫలితం ప్రకటించారు. అనాటేజ్ పసుపు గీతల్లోనే ఉంది, పత్రం మీద మరెక్కడా లేదు. దుమ్మయితే గీతలు వెతుక్కుని వాలదు కదా! అంతకంటే గట్టి దెబ్బ నల్ల సిరాది. అది ఇనుప సిరా కాదు, కార్బన్ సిరా, అంటే మసితో చేసినది. మసి తోలును తినదు, పసుపు చార వదలదు. మరి ఆ చార ఎక్కడిది? ఇనుప సిరా ముసలితనం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి చేత్తో గీసిందే.

2021లో యేల్ తన ప్రయోగశాలలోనే ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్‌తో పటమంతా గాలించింది. గీతల పొడుగునా టైటానియం. పటంతో కలిసి దొరికిన అసలైన పాత రాతప్రతి సిరాలో ఇనుము. వెనకవైపున్న పాత లాటిన్ రాత మీద కొత్త సిరాతో దిద్దిన సంగతీ బయటపడింది. ఏమరపాటు కాదు, మోసమే. పటం నకిలీదని యేల్ తేల్చేసింది. గీసిన చెయ్యి ఎవరిదో మాత్రం ఇంతవరకూ తేలలేదు. పటం ఇప్పటికీ యేల్ వారి బైనెకీ గ్రంథాలయంలోనే ఉంది.