వికేంద్రీకృత స్వేచ్ఛా సందేశ సాఫ్ట్‌వేర్: ఆటోనగర్ అవసరాల దృష్ట్యా మూల్యాంకనం

ఏ ఒక్క కంపెనీ సర్వర్ మీదా ఆధారపడకుండా, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంచి నడిచే సందేశ వ్యవస్థలివి. ఎక్స్‌ఎంపీపీ, మ్యాట్రిక్స్, బ్రయర్ వీటిలో ముఖ్యమైనవి. సిగ్నల్ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే గానీ ఒకే సంస్థ సర్వర్ల మీద నడుస్తుంది కాబట్టి ఈ కోవలోకి రాదు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, స్పేర్ పార్టుల దుకాణాల మధ్య లోడు బేరాలు, ఆర్సీ, లైసెన్సు ఫొటోలు ఎక్కువగా వాట్సాప్‌లోనే తిరుగుతాయి. 2016 ఏప్రిల్ నుంచి అందులోని సందేశాలన్నిటికీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. కిరాయి ఎంతకు కుదిరిందో కంపెనీ చదవలేదు. అయితే ఏ ఆఫీసు ఏ డ్రైవర్‌కు ఏ వేళప్పుడు సందేశం పంపిందన్నది సర్వర్‌కు తెలుస్తూనే ఉంటుంది. వ్యాపారపు గుట్టు చాలాసార్లు ఉండేది అక్కడే. తాళం గట్టిదా అని అడిగి ఊరుకునే మూల్యాంకనం అసంపూర్ణం. ఈ రాకపోకల చిట్టా ఎవరి చేతిలో ఉందన్నది అంతకంటే ముందు తేలాలి.

ఎక్స్‌ఎంపీపీ పుట్టిన ఏడాదిపై లెక్కలు వేరువేరు. జెరెమీ మిల్లర్ జబ్బర్ పేరుతో దీన్ని 1999 జనవరిలో ప్రకటించాడు. సర్వర్ 1.0 వచ్చిన 2000ను కొందరు, ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ప్రమాణపత్రాలు వెలువడిన 2004ను మరికొందరు తీసుకుంటారు. బహిరంగ అభివృద్ధి మొదలైంది ప్రకటనతోనే కనుక 1999 సముచితంగా తోస్తుంది. గూగుల్ టాక్ 2006లో బయటి ఎక్స్‌ఎంపీపీ సర్వర్లకు తలుపు తెరిచింది. దాని స్థానంలో 2013లో వచ్చిన హ్యాంగవుట్స్‌లో ఆ సదుపాయం లేకపోయింది. పెద్ద సర్వర్ ఒకటి తప్పుకుంటే ఎంతమంది పరిచయాలు తెగిపోతాయో అప్పుడే తెలిసింది. 2015లో రూపొందిన ఒమెమో పద్ధతి ఎక్స్‌ఎంపీపీకి నేటి స్థాయి ఎన్‌క్రిప్షన్ ఇచ్చింది. ప్రొసొడీ వంటి సర్వర్ చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ఒక సంఘమో, నాలుగు ఆఫీసులు కలిసో భరించగల ఖర్చు ఇది.

2014లో వచ్చిన మ్యాట్రిక్స్‌లో ఒక గదిలో పాల్గొనే ప్రతి సర్వర్ దగ్గరా ఆ గది చరిత్ర నకలు ఉంటుంది. ఒక సర్వర్ పడిపోయినా సంభాషణ పోదు. కానీ సభ్యుల వివరాలూ అన్నిచోట్లా నిలుస్తాయి. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2019లో దీని మీదే ‘చాప్’ అనే సందేశ యాప్‌ను నిర్మించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మ్యాట్రిక్స్ ప్రధాన సర్వర్‌లోకి చొరబాటు బయటపడింది. 2022లో పరిశోధకులు ఎన్‌క్రిప్షన్ అమలులో తీవ్ర లోపాలు బయటపెట్టగా వాటిని సరిదిద్దారు.

బ్రయర్‌కు సర్వరే లేదు. ఇంటర్నెట్ ఉంటే టార్ అనే అజ్ఞాత నెట్‌వర్క్ ద్వారా, లేకుంటే బ్లూటూత్, వైఫైల ద్వారా ఫోన్ నుంచి ఫోన్‌కు సందేశం వెళుతుంది. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేసిన రోజులు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన రోజులు గుర్తున్న డెల్టావాసులకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. అయితే అతిగా ఆశించకూడదు. బ్లూటూత్ అందేది కొద్ది మీటర్లే. ఇద్దరి మధ్య ప్రైవేటు సందేశాన్ని మూడో ఫోన్ మోసుకెళ్లదు. కరెంటు పోయి ఛార్జింగ్ అయిపోతే అంతే సంగతి. ఆపద రాకముందే యాప్ ఎక్కించుకుని, పరిచయాలు చేర్చుకుని ఉండాలి.

2023 మేలో కేంద్రం జమ్ము కశ్మీర్ భద్రతా కారణాలతో నిరోధించిన 14 యాప్‌లలో బ్రయర్, మ్యాట్రిక్స్ యాప్ ఎలిమెంట్ ఉన్నాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు దీన్ని కేరళ హైకోర్టులో సవాలు చేశారు. 2021 ఐటీ నిబంధనల్లో సందేశాన్ని మొదట పంపినవారిని గుర్తించాలన్న షరతు 50 లక్షలకు మించి నమోదిత వినియోగదారులున్న వేదికలకు వర్తిస్తుంది. చిన్న సర్వర్లు దాని వెలుపలే ఉన్నా సాధారణ మధ్యవర్తి బాధ్యతలు తప్పవు.

తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారంలో హైదరాబాద్‌కు చెందిన ‘స్వేచ్ఛ’ సంస్థ పేరు ముందుగా వినిపిస్తుంది. దాని కృషి ఎక్కువగా తెలుగీకరణ, శిక్షణల మీద సాగింది. సందేశాల విషయంలో దేశీయంగా చెప్పుకోదగ్గది ‘ప్రవ్’. ఎక్స్‌ఎంపీపీ మీద ఫోన్ నంబరుతోనే చేరగలిగే ఈ సేవను సహకార సంఘంగా నడపాలన్నది నిర్వాహకుల సంకల్పం. పాల సంఘాలు, పరపతి సంఘాలు నడిపిన ఉమ్మడి కృష్ణా జిల్లాకు ఈ పద్ధతి కొత్త కాదు.

ఆటోనగర్ వరకు ఎక్స్‌ఎంపీపీ సర్వర్, నిరోధం అడ్డు రానంతవరకు అత్యవసరానికి బ్రయర్ అన్న కలయికే ఎక్కువ పొసగుతుంది. చిక్కల్లా నిర్వహణలో ఉంది: సర్వర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే బాధ్యత జీతమిచ్చి ఒకరికి అప్పగించాలి. ఒమెమో తాళాలు ఫోన్‌కు ఫోన్‌కు వేరు. డ్రైవర్ పాత ఫోన్ పోగొట్టుకుంటే ఆఫీసువాళ్లు కొత్త ఫోన్ తాళాన్ని ఎదురుగా నిలబడి సరిచూసుకోవాలి, పాతదాన్ని జాబితాలోంచి తీసేయాలి.