రాళ్లు ఉన్నచోటే ఉండాలన్న మనిషి: హాలెత్ చాంబెల్

నాజిమ్ హిక్మత్‌ను తెలుగులో చదువుకున్నవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. 1930లో ఆయనతో కలిసి '1+1=1' అనే కవితా సంపుటి వెలువరించిన నాయిల్ పేరు ఎందరికి తెలుసు? పూర్తి పేరు నాయిల్ చాకిర్‌హాన్. కమ్యూనిస్టు, జైలు చూసిన కవి. అతని వివరాలు వెతుకుతూ పోతే నాకు తారసపడిన మనిషి అతని భార్య, పురావస్తు శాస్త్రజ్ఞురాలు హాలెత్ చాంబెల్. పిల్ల ఇంటివాళ్లకు అతని రాజకీయాలు గిట్టలేదు. అందుకని ఇద్దరూ రహస్యంగా పెళ్లి చేసుకున్నారు.

ఆమె 1916లో బెర్లిన్‌లో పుట్టింది. తండ్రి అతాతుర్క్‌కు సన్నిహితుడు. పారిస్‌లో సోర్బాన్‌లో చదివింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో టర్కీ తరఫున కత్తియుద్ధపు పోటీల్లో పాల్గొంది. హిట్లర్‌కు పరిచయం చేస్తామంటే అక్కర్లేదంది. ఆమె గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఈ ఒక్క ముచ్చట దగ్గరే ఆగిపోతారు. అసలు కథ ఆ తర్వాత పదేళ్లకు మొదలైంది.

దక్షిణ టర్కీలో తారస్ కొండల దిగువన కదిర్లి అనే ఊరుంది. యాషార్ కెమాల్ నవలల్లోని భూస్వాములూ కూలీలూ తిరిగే సీమ అది. 1946లో జర్మన్ పండితుడు బోసర్ట్, ఆయన సహాయకురాలిగా హాలెత్ అక్కడికి వెళ్లారు. అడవిలో సింహపు రాయి ఉందని చెప్పి, దారి చూపినవాడు ఎక్రెం కుష్చు అనే బడిపంతులు. తవ్వకాల చరిత్రల్లో బడిపంతుళ్ల పేర్లు దొరకడం అరుదు. దొరికింది గనుక రాస్తున్నాను.

ఆ కొండ పేరు కరాతెపె. క్రీస్తు పూర్వం 8వ శతాబ్దంలో అజాతివాద అనే పాలకుడు కట్టించిన కోట అక్కడ బయటపడింది. ఒకే శాసనం రెండు భాషల్లో ఉంది: ఒకటి ఫినీషియన్, రెండోది చిత్రలిపిలో రాసిన లువియన్. ఫినీషియన్ పండితులకు తెలిసిన భాష. దాని పక్కన పెట్టి చదివితే చిత్రలిపి విషయంలో అంతవరకూ ఊహగా ఉన్నవెన్నో తేలిపోయాయి. ఇక శాసనంలో ఉన్నది రాజుల మామూలు గొప్పలే. ఒక్కచోట మాత్రం ఆగాలి. మగవాళ్లే నడవడానికి జంకిన దారుల్లో తన కాలంలో ఆడవాళ్లు కదురు పట్టుకుని నిర్భయంగా నడుస్తున్నారని అతను చెప్పుకున్నాడు. పాలనకు పెట్టుకున్న కొలత అది! నిజమెంతో మనకు తెలియదు. గోడరాళ్ల మీద బిడ్డకు పాలిస్తున్న తల్లి ఉంది, రాజు విందు ఉంది, బల్ల కింద కోతి ఉంది. చెక్కినవాళ్ల పేర్లు మాత్రం లేవు.

రాళ్లు వేలాది ముక్కలై పడి ఉన్నాయి. వాటిని మ్యూజియానికి తరలించాలని ప్రభుత్వం తలచింది. హాలెత్ ఒప్పుకోలేదు. కోట ద్వారం నుంచి ఊడదీసిన రాయి వట్టి రాయే అవుతుందని ఆమె వాదం. ఇందులో మొండితనం లేదనను. అమరావతి శిల్పాలను లండన్‌లోనూ మద్రాసులోనూ వెతుక్కోవలసిన తెలుగువాళ్లకు ఆ మొండితనం విలువ వేరే చెప్పనక్కర్లేదు. ముక్కల్ని అతికించి, ఉన్నచోటే నిలబెట్టి, ఆరుబయటి మ్యూజియం చేశారు. వాటిపై కాంక్రీటు కప్పులకు తుర్గుత్ జాన్సెవెర్ నమూనా గీశాడు. కట్టించినవాడు నాయిల్. కవి అక్కడే తాపీపని, వడ్రంగం తెలుసుకున్నాడు. ఏ పట్టా లేకుండానే 1983లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం అందుకున్నాడు.

ఆ తర్వాత జెయ్‌హాన్ నది మీద ఆనకట్ట ప్రతిపాదన వచ్చింది. నాగార్జునకొండ లోయ మునిగినప్పుడు మనం కట్టడాలను కొండమీదికి ఎక్కించుకున్నాం. హాలెత్ నీటిమట్టాన్నే తగ్గించమని పోరాడింది, తగ్గించగలిగింది. ఆనకట్ట వద్దనడానికీ, ఆనకట్టే సర్వస్వమనడానికీ మధ్య దారి ఉందనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇది.

1963లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు బ్రెయిడ్‌వుడ్‌తో కలిసి తొలి వ్యవసాయపు జాడల కోసం ఆగ్నేయ టర్కీలో అన్వేషణ మొదలుపెట్టింది. చాయొను తవ్వకాలు దాని ఫలితమే. ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉంటూనే ఏటా కరాతెపెకు వెళ్లేది. అక్కడి పల్లెల పిల్లలకు బడి, ఆడవాళ్లకు సహజమైన రంగులతో తివాచీల నేత ఆమె పూనికతోనే వచ్చాయి. 1946లో చూసిన శాసనాలపై ఆమె సమగ్ర గ్రంథం వెలువడింది 1999లో. యాభై మూడేళ్లు! ఆలస్యమని నొసలు చిట్లించే పండితులు ఉండవచ్చు. నాయిల్ 2008లో పోయాడు. ఆమె 2014 జనవరిలో, తొంభై ఏడో ఏట కన్నుమూసింది. సింహాలు ఇప్పటికీ కరాతెపె ద్వారం దగ్గరే ఉన్నాయి.