గృహహింస : మండపేట, గోదావరి డెల్టా
ఒకే ఇంట కాపురముండు స్త్రీకి భర్త గాని అత్తవారు గాని తక్కిన బంధువులు గాని కలిగించు పీడనమును గృహహింస యందురు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము దీనిని శారీరకము, లైంగికము, మాటలచేతను మనస్సునకు కలుగు బాధ, ఆర్థికము అని నాలుగు విధములుగ పేర్కొనినది. వరిచేలకును బియ్యపు మిల్లులకును ప్రసిద్ధమైన మండపేట వంటి సంపన్న ప్రాంతములందు నాలుగవది తరచుగా మొదటిదానికి పూర్వరంగమగును. కట్నపు బాకీ, పుట్టింటివారిచ్చిన పొలము, ఒంటిమీది బంగారము తగవునకు మూలములు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడతయందు, ఆంధ్రప్రదేశ్‌లో 18 మొదలు 49 ఏండ్ల వరకు గల వివాహితలలో 30 శాతము మంది భర్తవలన హింసకు గురియైనట్లు తేలినది. అంతకంటె విచారింపదగిన అంక మొకటి కలదు: చెప్పక బయటికి పోవుట, వంట చెడుట, ఎదురు మాటాడుట, అత్తమామలను మన్నింపకుండుట మొదలగు ఏడు కారణములలో ఏ యొక్కదానికైనను భర్త కొట్టుట తప్పుగాదని రాష్ట్ర స్త్రీలలో 83.6 శాతము మంది చెప్పిరి. దెబ్బలు తినునామె "సర్దుకుపో" అను మాటను మొదట తల్లినోటనే వినుచుండగా, పోలీసు ఠాణా మెట్టు ఎక్కు వారు అరుదగుటలో వింత లేదు. హింసకు లోనైనవారిలో 77 శాతము మంది ఎవరికిని చెప్పుకొనక, సహాయమును కోరక ఊరకుండిరని దేశమంతటి లెక్క.

సంఘసంస్కర్త వీరేశలింగముగారు 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిన నాటినుండియు ఈ గోదావరి సీమకు స్త్రీల పక్షమున వాదించు సంప్రదాయము కలదు. అయినను ఆలుమగల తగవులు మాత్రము చిరకాలము ఊరి పెద్దమనుషుల రచ్చయందే తీరినవి. ఆ పెద్దమనుషులందరును పురుషులే. ఈ స్థితిని కదల్చినది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చెలరేగిన సారా వ్యతిరేకోద్యమము. తాగివచ్చి కొట్టు మగనిగూర్చిన గోడు ఒక్కొక్క యింటిది కాదు, వాడవాడదియు నని అది రుజువు చేసినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధింపబడెను.

పిమ్మట స్త్రీల డ్వాక్రా పొదుపు సంఘములు బలపడి, వాని మండల సమాఖ్యలు సామాజిక కార్యాచరణ కమిటీలను, కుటుంబ సలహా కేంద్రములను నెలకొల్పినవి. అచట భార్యాభర్తల నిరువురను కూర్చుండబెట్టి విచారించువారు అప్పు వాయిదాలు కట్టుకొను పొరుగు స్త్రీలే; రాజీ కుదిరిన యింటికి మరల పోయి చూచివచ్చువారును వారే. రచ్చబండకు లేని గుణ మిది. కాని కాపురము నిలబెట్టుటయే జయమను తలపు ఈ కేంద్రములను సైతము వదలలేదు. విడిపోదలచిన స్త్రీకి అట తగినంత ఊరట దొరకదు.

ఇక చట్టపు మార్గమున, స్త్రీలపై నేరములను విచారించుటకు ఏర్పడిన దిశ పోలీసు స్టేషన్లలో రాష్ట్రపు మొదటిది 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరముననే ప్రారంభమైనది. అదే సంవత్సరము అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము, ఉమ్మడి కాపురము సాగిన యిల్లు మామగారి పేర నున్నను కోడలు అందుండు హక్కును కోరవచ్చునని తీర్పు చెప్పెను. ఇల్లును పొలమును పెద్దల పేరనే యుండు డెల్టా కుటుంబములకు ఇది చిన్న సంగతి కాదు. సంఘమున కుదిరిన రాజీకి న్యాయస్థానపు ఉత్తరువునకు గల బలము లేదు. భర్త మాట తప్పినచో ఆమె మరల సంఘము గడపనే తొక్కవలెను. న్యాయస్థానపు రక్షణాజ్ఞను అతిక్రమించినవానికి మాత్రము ఒక యేడాది వరకు జైలు గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.