మట్టి లేని మట్టి

బాల్కనీలో వేలాడే పూలబుట్ట నింపడానికి నర్సరీలో మనం కొనే ‘మట్టి’లో చాలాసార్లు అసలు మట్టే ఉండదు. అదెలా మాయమైంది?

1930లలో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థలో విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ కుండీల మట్టికి ఓ లెక్క కట్టారు: ఆవిరి పట్టి శుద్ధి చేసిన తోటమట్టి 7 పాళ్ళు, పీట్ 3, ఇసుక 2. మొలకల్ని చంపే తెగుళ్ళు తగ్గాయి. కానీ మంచి మట్టి అన్నిచోట్లా ఒకేలా దొరకదు, పైగా బరువు. 1960లలో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు మట్టినే తీసేసి, పీట్‌లో వర్మిక్యులైటో పెర్లైటో కలిపారు. బుట్ట తేలికైంది.

పీట్ అంటే చిత్తడినేలల్లో నాచు పూర్తిగా కుళ్ళకుండా పేరుకున్న పొర. ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు. ఆ లెక్కన 20 సెంటీమీటర్ల పొరకి రెండు వందల ఏళ్ళు. ఒక్క సీజన్‌లో పూసి పోయే పెటూనియాల కోసం తవ్వేది దాన్నే!

మన దగ్గర ఆ పని కోకోపీట్ చేస్తోంది: కొబ్బరిపీచు తీశాక మిగిలే పొట్టు. నీళ్ళు బాగా పట్టుకుంటుంది, పోషకాలు మాత్రం పెద్దగా ఇవ్వదు. అందుకే ఉప్పు పోయేలా కడిగి, వర్మికంపోస్టు కలిపి, పూలు పూసినన్నాళ్ళూ ఎరువు అందిస్తుండాలి. మట్టిని తీసేశాం సరే, అది చేసిపెట్టే పని ఎక్కడికీ పోలేదు. మన మీద పడిందంతే.